వానకు తప్పు కట్టినవాళ్ళు

బీజాపూర్ జిల్లాలో, ఉసూర్ దాటి తెలంగాణ సరిహద్దు వైపు పోయే దారిలో ఒక ఊళ్ళో నేను ఆరోగ్య కేంద్రం సిస్టర్‌గా పనిచేస్తున్నాను. పుట్టింది ఈ బ్లాకులోనే. బడి చదువూ, నర్సింగు చదువూ హిందీలో సాగాయి. అమ్మది చర్ల వైపు కాబట్టి ఇంట్లో తెలుగు. ఊళ్ళోవాళ్ళు తమలో తాము దొర్లా మాట్లాడుకుంటారు, నాతో తెలుగు మాట్లాడతారు, నేను పైకి పంపే రిపోర్టులు హిందీలో రాస్తాను. ఇన్ని భాషల మధ్య బతుకుతూ కూడా ఒక సంగతి చెప్పడానికి నాకు ఏ భాషలోనూ మాట దొరకలేదు. రెండేళ్ళుగా నా చిరాకంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

నేనుండే గది ఒక ఒంటరి ఆడమనిషి ఇంటికి ఆనుకుని ఉంటుంది. ఆమె భర్త ఎప్పుడో జ్వరంతో పోయాడు. ఒక్కతే కూతురు, బీజాపూర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నేను ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు మలేరియాతో మంచాన పడితే, జావ కాచి తెచ్చి, "ఊరికి మందులిచ్చేదానివి నువ్వే పంటే ఎట్ల చెల్లె" అని నవ్వింది. అప్పటినుంచి ఆమె నాకు అక్క. వయసులో నాకంటే మరీ పెద్దది కాదు గానీ ఎండకూ అడవికీ ముఖం ముదిరిపోయింది. కొంచెం పొలం ఉంది. మిగతా బతుకంతా ఇక్కడి అందరిలాగే ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు.

ఇప్పపువ్వు ఏరడానికి ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది, కట్టు అంటారు. పువ్వు రాలడం మొదలయ్యాక ఊరి పెద్దమనిషి ఒక రోజు చెబుతాడు. ఆ రోజు పండుగ చేసి, మొదటి గంప వేల్పుకు పెట్టి, ఆ తర్వాతే ఎవరైనా చెట్టు కిందికి పోవాలి. మంచి కట్టే అది. బలం ఉన్నవాడు ముందు పోయి దండుకోకుండా, అందరూ ఒకేసారి మొదలుపెడతారు. పండుగకు ముందు ఏరితే వేల్పుకు కోపం వస్తుందని చెబుతారు.

రెండేళ్ళ కిందట చలి సరిగ్గా పట్టనే లేదు. శివరాత్రి రాకముందే ఎండలు మొదలయ్యాయి. పువ్వు ఎన్నడూ లేనంత ముందుగా రాలడం మొదలుపెట్టింది. పెద్దమనిషి మాత్రం పండుగను ఎప్పుడూ చేసే రోజుల్లోనే పెట్టాడు. దాంతో పొద్దున్నే చెట్ల కింద నేల పసుపచ్చగా పరుచుకుని ఉండేది, ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. పశువులు తిన్నాయి. రాత్రుళ్ళు ఎలుగులు వచ్చి తిన్నాయి. చూస్తూ ఊరుకోవడం అందరికీ కష్టంగానే ఉండేది. అక్క కూడా కొన్నాళ్ళు ఊరుకుంది. తర్వాత ఒక తెల్లవారుజామున తన పొలం గట్టు మీది చెట్టు కింద పువ్వు ఏరుకొచ్చి వాకిట్లో చాప మీద ఆరబోసింది.

పండుగ అయింది. అందరూ గంపలు పట్టుకుని చెట్ల కిందికి పోయారు. రెండు మూడు రోజులు ఏరారో లేదో, వాన పట్టుకుంది. ఎండాకాలంలో మొగులు పట్టి నాలుగు చినుకులు రాల్చి పోయే వాన కాదది. వడగళ్ళతో మొదలై, ముసురులా ఆగకుండా కురిసింది. ఏరిన పువ్వు ముక్కిపోయి నల్లబడింది. చెట్టు మీద ఉన్నది రాలి బురదలో కలిసింది. ఇంటింటికీ మలేరియా రక్తపరీక్షలకు తిరుగుతుంటే ప్రతి వాకిట్లో ఆడవాళ్ళు కుళ్ళిన పువ్వును చేటలతో ఎత్తి పెంటకుప్ప మీద పోస్తూ కనిపించారు. ఏడాదిలో చేతికి నాలుగు పైసలు వచ్చే కాలం అది.

వాన వెలిసిన మర్నాడు పొద్దున పెద్దమనిషి ఇంటి వసారాలో ఊరు కూడింది. అక్కను పిలిచారు. ఆమె నన్ను పిలవలేదు గానీ నేను వెళ్ళాను.

ఆ పెద్దమనిషి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలకు టీకాలు వేయించడానికి ఊరు భయపడినప్పుడు తన మనవరాలిని అందరికంటే ముందు నా ఒళ్ళో కూర్చోబెట్టింది ఆయనే. వాగు పొంగినప్పుడు నిండు గర్భిణిని మంచం మీద మోసుకెళ్ళినవాళ్ళలో ముందు భుజం ఆయనది. ఆయన్ను నేను తాతా అనే పిలుస్తాను. అందుకే ఆ రోజు నాకు అంత కోపం వచ్చింది.

"పండుగ కాకముందే పువ్వు ఏరినవా లేదా?" అని అడిగాడు.

"ఏరిన," అంది అక్క, తల వంచుకుని. "కింద పడ్డయే ఏరిన. కొమ్మ మీద చెయ్యి వెట్టలే."

"చెయ్యి వెట్టినా వెట్టకున్నా కట్టు కట్టే. నువ్వు తప్పినవ్. ఊరంతటి పువ్వు పోయింది."

వసారాలో కూర్చున్న అందరికీ ఆ ఇంటి లోపలినుంచి వాసన వస్తోంది. ఎండిన ఇప్పపువ్వు వాసన. తియ్యగా, మత్తుగా, గోడలు దాటి వచ్చే వాసన అది. దాన్ని దాచడం ఎవరివల్లా కాదు. వానలో తడిసిన పువ్వుకు పులిసిన కంపు వస్తుంది. ఇది బాగా ఎండిన పువ్వు, పండుగ తర్వాతి రెండు మూడు రోజుల్లో ఇంతగా ఎండదు. వానకు ముందు, పండుగకు ముందు ఏరి, లోపలి గదిలో ఆరబెట్టుకున్న పువ్వు. పెద్దమనిషికి తెలిసే జరిగిందో, కోడళ్ళు చేశారో నాకు తెలియదు. కూర్చున్నవాళ్ళలో ఇంకా కొందరి ఇళ్ళలోనూ పరీక్షలకు పోయినప్పుడు నాకు అదే వాసన తగిలింది. అందరి ముక్కులూ పనిచేస్తూనే ఉన్నాయి. ఒక్కరూ ఆ ఊసెత్తలేదు.

నేనే లేచాను. "తాతా, అక్క పువ్వు ఏరినందుకు వాన పడలేదు. కాలమే మారింది," అన్నాను.

"మారింది బిడ్డా," అన్నాడాయన వెంటనే. "మా చిన్నప్పుడు పెద్దోళ్ళు లేస్తే మేం లేచేటోళ్ళం. ఇప్పుడు పోరగాండ్లు ఫోన్లల్లకెల్లి తల ఎత్తుతలేరు."

"ఆ కాలం కాదు తాతా. ఎండకాలం, వానకాలం, ఆ కాలం మారింది."

"నేనూ అదే అంటున్న. మనిషి మారితే అవి మారయా?"

మనిషివల్లే ఇదంతా అని చెప్పాలనే నేనూ లేచాను. ఆయన నోట అదే మాట వచ్చింది. కానీ ఆయన చెప్పే మనిషి ఎదురుగా తల వంచుకుని కూర్చుని ఉంది. నేను చెప్పాలనుకునే మనుషులు ఎక్కడున్నారో, ఎంతమందో, వాళ్ళ పేర్లేమిటో నాకే తెలియదు. వాళ్ళను ఏ వసారాకు పిలుస్తారు?

ఇంకో దారిలో చెప్పి చూశాను. "చర్లల కూడా ఇదే వాన పడ్డది. అక్కడ కల్లాలల్ల మిర్చి తడిసింది. ఇక్కడ అక్క పువ్వు ఏరితే అక్కడ వాన ఎట్ల పడ్తది?"

వెనక వరసలోంచి ఒకాయన నెమ్మదిగా అన్నాడు. "అక్కడ గూడ ఎవరో ఒకరు కట్టు తప్పే ఉంటరు సిస్టరమ్మా."

ఎవరూ నవ్వలేదు. నిజంగానే ఆలోచించి చెప్పిన మాట అది. కొందరు తలలు ఊపారు కూడా.

అక్క ఒక మేకను, రెండు కోళ్ళను జరిమానాగా తప్పు కట్టాలని తేల్చారు. సాయంత్రంలోగా ఇచ్చేసింది. వేల్పు దగ్గర కోసి ఊరంతా పంచుకున్నారు. ఆమెకూ మాంసంలో ఒక పాలు వచ్చింది. వండి, నాకు గిన్నెలో పెట్టి తెచ్చింది. నేను తిననన్నాను.

"లోపల పువ్వు వాసన రాలేదా నీకు? అక్కడే ఎందుకు అడగలే?" అన్నాను.

"నాకు ముక్కు లేదనుకున్నవా?" అంది. "వాళ్ళకు లోపలి అర్ర ఉన్నది. నాకు లేదు, వాకిట్ల పోసిన. గంతే తేడా."

"మరి రేపు నేను అడుగుతా."

"అడుగకు. నీకు బదిలీ ఐతది చెల్లె. నాకు గాదు."

గిన్నె నా గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. నేను అడగలేదు. ఆమె వద్దన్న తర్వాత అడిగే హక్కు నాకు లేదనిపించింది. కానీ ఆ తర్వాత ఎన్నో రోజులు ఆ వసారా ముందునుంచి పోతుంటే నా పళ్ళు బిగుసుకునేవి.

ఏప్రిల్‌లో బీజాపూర్‌లో మాకు ట్రైనింగ్ పెట్టారు. వేదిక మీద హిందీలో పెద్ద బ్యానరు: జలవాయు పరివర్తన్, స్వాస్థ్య. అంటే వాతావరణ మార్పు, ఆరోగ్యం. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. నాకు దొరకని మాట వీళ్ళ దగ్గర ఉంది, పట్టుకుపోయి ఊళ్ళో చెప్పుకోవచ్చు అనుకున్నాను. బయట ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. హాల్లో ఏసీ ఎంత పెట్టారంటే మేమంతా కొంగులు కప్పుకుని కూర్చున్నాం. కిటికీ అవతల జనరేటరు మోత. మాట్లాడే సారు రాజధాని రాయపూర్ నుంచి వచ్చాడు. భూమి వేడెక్కుతోందని, వడదెబ్బలు పెరుగుతాయని, దోమలు కొత్త చోట్లకు వస్తాయని హిందీలో బాగా చెప్పాడు. నేను శ్రద్ధగా రాసుకున్నాను.

తర్వాత కారణాలకు వచ్చి, బొగ్గు, డీజిలు, లారీల పొగ అని ఒక్క ముక్కలో చెప్పేశాడు. తెర మీద ఒక ఫొటో వచ్చింది. రాలిన పువ్వు కనబడాలని పెట్టిన మంటకు ఇప్పచెట్టు కింద ఎండుటాకులు తగలబడుతున్నాయి. పక్కన గంపతో ఒక ఆడమనిషి. ముఖం సరిగ్గా కనిపించదు. ఆ నిలబడ్డ తీరు, ఆ చీర కట్టు మా అక్కదో, మా ఊళ్ళో ఇంకెవరిదో అనుకోవచ్చు.

"మన ప్రాంతంలో సమస్య ఇక్కడుంది," అన్నాడు సారు. "వీళ్ళకు అవగాహన లేదు. పువ్వు కోసం అడవినే తగలబెడతారు. మీరు పోయి నచ్చజెప్పాలి."

నా ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను. "ఆకులు తగలబెడితే మంట అడవిలోకి పాకుతుంది, అది తప్పే సార్," అన్నాను హిందీలో. "కానీ మార్చిలో వడగళ్ళు పడటానికి కూడా ఆమేనా కారణం? మీరు ఇందాక చెప్పిన బొగ్గు, డీజిలు, లారీలు, ఇదిగో ఈ హాలును చల్లబరచడానికి బయట నడుస్తున్న జనరేటరు, వీటికి ఫొటోలు లేవా?"

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. చిరునవ్వు నవ్వి, "చాలా మంచి ప్రశ్న. అది ప్రపంచ స్థాయి విషయం. మనం మన స్థాయిలో ఏం చేయగలమో చూద్దాం," అని తర్వాతి ఫొటోకు వెళ్ళిపోయాడు. పక్కన కూర్చున్న సిస్టర్ నా కొంగు లాగి, "కూర్చో, భోజనాలు చల్లారిపోతాయి," అంది.

చివర్లో అందరికీ తలా ఒక గుల్‌మొహర్ మొక్క ఇచ్చి గుంపు ఫొటో తీశారు. ఆ మొక్కను ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఆవపల్లి మీదుగా ఇంటికి వచ్చాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. వసారాలో మీటింగుకూ హాల్లో మీటింగుకూ ఏమిటి తేడా? అక్కడ వేల్పు పేరు చెప్పారు, ఇక్కడ విజ్ఞానం పేరు చెప్పారు. రెండు చోట్లా దొరికిన దోషి మాత్రం ఒక్కతే. గంప పట్టుకున్న ఆడమనిషి.

మొక్కను కేంద్రం ముందు నాటాను. నాటిన ఫొటో పంపమన్నారు, పంపాను. మే నెలలో చేతిపంపులో నీళ్ళు అడుగంటి మొక్క ఎండిపోయింది. ఆ ఫొటో ఎవరూ అడగలేదు. మంట పెట్టకుండా పువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద పరిచే వలలు ఇస్తామని ఆ ట్రైనింగ్‌లోనే చెప్పారు. అవి వానాకాలం మొదలయ్యాక వచ్చాయి. ఊళ్ళో వాటిని నారుమళ్ళలోకి కోళ్ళు రాకుండా కట్టుకున్నారు. అదీ మంచి ఉపయోగమే.

సెలవు పెట్టి ఆ మే నెలలోనే కిరండూల్ వెళ్ళాను. నా తమ్ముడు అక్కడ ఇనుప గనిలో డంపర్ నడుపుతాడు. భార్య శ్రీకాకుళం వైపు అమ్మాయి. వాళ్ళ వీధిలో సగం ఇళ్ళలో తెలుగే వినిపిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఇరుగుపొరుగు వాళ్ళు ఇద్దరు ముగ్గురు భోజనానికి వచ్చారు. ఎండ గురించి మాటలు వచ్చాయి. ఒకప్పుడు వేసవిలో కూడా ఇక్కడ రాత్రి దుప్పటి కావలసి వచ్చేదని ఒక పెద్దాయన చెప్పాడు. అందరూ ఔనన్నారు. ఎందుకిలా అయిందో ఒక్కరూ అడగలేదు. ఏ కంపెనీ ఏసీ బాగా పనిచేస్తుందనే దాని మీదికి మాట మళ్ళింది.

నేను అక్క సంగతి చెప్పాను. మరదలు వింటూ వింటూ, "అయ్యో పాపం. ఎంత మూఢనమ్మకాలో వదినా. అడవిలో మనుషులకి ఎవరు చెప్తారు?" అంటూ లేచి, చల్లదనం పోకుండా కిటికీ రెక్క గట్టిగా మూసింది.

"చెప్పేవాళ్ళకైనా తెలియాలి కదా," అన్నాను, కొంచెం గట్టిగానే. "పక్కనున్న కొండను రోజూ తవ్వి రైలుకెత్తుతున్నాం. వాగు ఎర్రగా పారుతోంది. మన నమ్మకం ఏమిటి మరి? మనకేం కాదనేగా."

తమ్ముడు అన్నం కలుపుతూ నన్ను చూడకుండా అన్నాడు. "మేం ఇనుము తియ్యకపోతే నువ్వు ఊళ్ళు తిరిగే స్కూటీ ఎక్కడిదక్కా? నీ సూదులెక్కడివి?"

వాడు ఎగతాళికి అనలేదు. వాడి జీతంతోనే మా అమ్మకు కంటి ఆపరేషన్ జరిగింది. పెద్దాయన కలగజేసుకుని, "అదంతా ప్రభుత్వాలు చూసుకోవాలమ్మా, మనమేం చేస్తాం," అన్నాడు. అందరికీ ఊపిరి ఆడింది. మరదలు పెరుగు వడ్డించింది. తిరుగు బస్సులో నాకు వాళ్ళ మీద కంటే నా మీదే ఎక్కువ విసుగు పుట్టింది. వసారాలో గెలవలేదు, హాల్లో గెలవలేదు, సొంత తమ్ముడి ఇంట్లో భోజనం పాడుచేసి వచ్చాను.

ఆ ఏడు వానలు మాత్రం వేళకు వచ్చాయి. వరి బాగా పండింది. ఇప్పపువ్వు సంగతి ఊరు మర్చిపోయింది.

మరుసటి ఏడు మళ్ళీ పువ్వు ముందే రాలడం మొదలైంది. ఈసారి పెద్దమనిషి ఎవరికీ ఏ కారణమూ చెప్పకుండా పండుగను చాలా ముందుకు జరిపాడు. అందరూ హాయిగా ఏరుకున్నారు. నేను లోలోపల సంతోషించాను. ఉండబట్టలేక ఆయన దగ్గరికి వెళ్ళి, "పండుగ ముందుకు జరిపినవంటే కాలం మారిందని ఒప్పుకున్నట్టే కదా తాతా. మరి పోయినేడు అక్క చేసిన తప్పేంది?" అన్నాను.

"నేనెక్కడ జరిపిన బిడ్డా? పండుగే ముందుకొచ్చింది," అన్నాడు. "పోయినేటి కట్టు పోయినేటిదే. ఈ ఏటిది ఈ ఏటిదే."

మేక ఊసు నేనూ ఎత్తలేదు.

జూన్ వచ్చింది. వాన రాలేదు. మొగులు పట్టడం, గాలికి తేలిపోవడం. దుక్కులు దున్ని ఉంచిన పొలాల మీద దుమ్ము లేచేది. పొడి నేలలో చల్లిన విత్తనాన్ని పిట్టలు తిన్నాయి. జూలైలో కూడా అంతే. వడదెబ్బ మనుషులు ఇంకా కేంద్రానికి వస్తూనే ఉన్నారు. అటు తమ్ముడు ఫోన్ చేసి, విశాఖపట్నంలో ఒకటే కుండపోత అని చెప్పాడు.

అంతకు కొద్ది నెలల ముందే ఊరికి తారురోడ్డు వచ్చింది. రోడ్డుతోపాటు ఊరి చివర మెట్ట మీద సెల్ టవర్ లేచింది. దానికి స్థలం ఇచ్చింది ఒక చిన్న కుటుంబం. మొగుడు, పెళ్ళాం, ముసలి తల్లి. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. మెట్ట మీద ఇనుప కొమ్ము పాతారు, దానికి తగిలి మొగులు చీలిపోతోంది అని. మళ్ళీ వసారాలో ఊరు కూడింది. నేను మళ్ళీ వెళ్ళాను. ఈసారి నాకు ఒక ధైర్యం ఉంది. అక్క అక్కడ ఉంటుంది. ఆమెకు తెలుసు కదా అనుకున్నాను.

అక్క మాట్లాడింది. నేను అనుకున్నది కాదు.

"అది లేచినంకనే మొగులు ఆగుతలేదు. నేను రోజూ పొలంలకెల్లి చూస్తున్న," అంది స్పష్టంగా. "జాగ ఇచ్చినోళ్ళు తప్పు కట్టాలె."

నేను నోరు తెరిచేలోపలే తేలిపోయింది. ఆ కుటుంబం ఒక పందిని కట్టాలి.

ఇంటికి వచ్చే దారిలో ఆమె వెంట పడ్డాను. "నిన్ను అట్లనే కూసోబెట్టిన్రు. మర్చిపోయినవా అక్కా?"

"మర్వలే."

"మరి తెలిసి తెలిసి ఇంకొకళ్ళ మీద ఎట్ల అంటవు? నీ పువ్వుకూ వానకూ సంబంధం లేదని నీకు తెలుసు. టవర్‌కూ లేదు."

ఆమె ఆగింది. నా వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా అడిగింది. "నేను మేకనిచ్చినంక ఆ ఏడు వాన మంచిగ పడ్డదా లేదా?"

"పడ్డది. కానీ అది..."

"వరి పండిందా లేదా?"

"పండింది."

"మరి నా మేక ఉత్తగనే పోయిందంటవా చెల్లె?"

ఎంతో చదువుకున్నాను, ఎన్నో మీటింగులు విన్నాను. ఆ ప్రశ్నకు ఔను అని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. ఔనంటే, ఊరందరి ముందు ఆమె తల వంచుకున్నదీ, పెంచుకున్న మేకను చేతులారా అప్పగించినదీ దేనికీ పనికిరాకుండా పోయినట్టే. ఆమె అది ఒప్పుకోదు. నేనైనా ఒప్పుకోను. అంత అర్థమయ్యాక కూడా నా కోపం తగ్గలేదు. ఆమె మీద ఉన్నంత కోపం ఆ రోజు నాకు ఇంకెవరి మీదా లేదు.

వాళ్ళు పందిని కట్టారు. వారం తిరక్కుండానే వాన దిగింది. ఆలస్యమైన నాట్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. నా లెక్కలో అది ఎప్పుడో రావలసిన వాన, అప్పటికి వచ్చింది. ఊరి లెక్క వేరు.

నాట్ల రోజుల్లోనే ఒక పొద్దున ఆ టవర్ ఇంటాయన తల్లికి జ్వరమని కేంద్రానికి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. ముసలామెను కూర్చోబెట్టి రక్తం తీసుకుంటూ, పంది పోయినందుకు బాధపడుతుంటాడేమోనని, "మీకు అన్యాయం జరిగింది," అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "అన్యాయమేముంది సిస్టరమ్మా? మా పందితోనే కదా వాన దిగింది," అన్నాడు. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

పరీక్షలో మలేరియా అని తేలింది. మాత్రలు ఎలా వేయాలో రెండుసార్లు చెప్పించుకుని, తల్లిని వీపు మీద ఎక్కించుకుని వానలోకి దిగాడు. నేను రక్తపరీక్ష పట్టీని చెత్తడబ్బాలో పడేసి, తర్వాతి మనిషిని పిలిచాను.